ఆయన కాస్తా వాడయ్యాడు

1991 నాటి మాట ఇది. దొరవారిసత్రంలో ఓ టైలరు కొట్టు అరుగు మీద మేం తొమ్మిదిమందిమి ఆదివారం సాయంత్రాలు కూర్చుని పుస్తకాలు చదువుకునేవాళ్ళం. రైల్వేలో రిటైరైన పాయింట్స్‌మన్ పెద్దాయన, అంగన్‌వాడీ అక్క, ఉత్తరాలు పంచే బాబాయి, ఎరువుల కొట్టు మామ, శ్రీహరికోటలో క్యాంటీను పనికి పోయొచ్చే కుర్రాడు, డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు, టైలరన్న, నేను. ఒకరు చదివితే మిగతావాళ్ళు వినేవాళ్ళు. టైలరన్న మాత్రం వింటూనే కాజాలు కుట్టుకునేవాడు, గుండీలు వేసుకునేవాడు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. నెల్లూరులో బీఏ చదివొచ్చి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు నవల చేత్తో పట్టుకుని ఊళ్ళో నడిచేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఇతరుల కంటే నాకే బాగా తెలుసు. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది.

సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ వారానికి మూడు చొప్పున చదివి పూర్తి చేశాక, ఈసారి డిటెక్టివ్ నవల చదువుదామని అమ్మాయిలిద్దరూ అడిగారు. అందరికీ హుషారొచ్చింది. టైలరన్న సూది ఆపి, “అయితే కొమ్మూరి సాంబశివరావుది పెట్టుకుందాం అబ్బయా! డిటెక్టివ్ యుగంధర్, రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు... ‘ఉరితాడు’ ఉండాది, ‘చావుకేక’ ఉండాది, ఏది కావాలంటే అది తెస్తా” అన్నాడు.

నేను వద్దన్నాను. ఊరికే వద్దని ఊరుకోలేదు, ఉపన్యాసం కూడా ఇచ్చాను. అవి రైల్లో చదివి సీటు కింద వదిలేసే పాకెట్ నవలలన్నాను. చదివితే క్లాసిక్ చదవాలన్నాను. 1841లో ఎడ్గార్ ఎలన్ పో రాసిన కథతో మొదలుపెట్టి, 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ మీదుగా, 1926 నాటి అగాథా క్రిస్టీ దాకా ఏకరువు పెట్టాను. చివరికి విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘ది మూన్‌స్టోన్’ పేరు తేల్చాను. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో మొదటిదీ ఉత్తమమైనదీ అదేనని కవి టి.ఎస్. ఎలియట్ అంతటివాడు మెచ్చుకున్నాడని చెప్పాను. అమ్మాయిల్లో ఒకతె, “మీరు చదివారా అన్నా?” అని అడిగింది.

“ఎప్పుడో చదివాను” అన్నాను.

చదవలేదు. ఎలియట్ మెచ్చుకున్నాడన్న ముక్క ఒక వ్యాసంలో చదివాను, అంతే. చదవని పుస్తకాన్ని చదివినట్టు చెప్పడం చాలా తేలిక. ఎదుటివాళ్ళు కూడా చదివి ఉండరన్న ధైర్యం ఒక్కటుంటే చాలు. ఈ మాట చదువుతున్న మీకు కూడా అలాంటి పుస్తకం ఒకటి గుర్తుకొచ్చే ఉంటుందని నా నమ్మకం.

ఆ వారమే మద్రాసు పోయాను. పాత పుస్తకాలకు పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక, ఆ కొట్లు సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోనే లిల్లీ పాండ్ కాంప్లెక్సులోకి మారాయి. అక్కడ ఒక్క కాపీ దొరికింది. ఐదొందల పేజీల పైమాటే, సన్న అచ్చు. తొమ్మిదిమందికి ఒకే పుస్తకం, అందులోనూ ఇంగ్లీషు. అది కష్టమని నాకు తోచకపోలేదు. పైగా బాగానే ఉందనుకున్నాను. నేను చదువుకుని వచ్చి వారం వారం తెలుగులో చెబుతానన్నాను. అంటే కథ చెప్పేవాణ్ణి నేనే, పుస్తకం ఉండేదీ నా దగ్గరే.

మొదటి వారం బాగా నడిచింది. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కోట పడిపోయిన రోజున ఒక ఇంగ్లీషు అధికారి పవిత్రమైన పసుపుపచ్చని వజ్రాన్ని కాజేస్తాడు. అది సోమనాథ్‌లో చంద్రుడి విగ్రహం నుదుట ఉండిన రాయి. దాని కోసం తరతరాలుగా ముగ్గురు బ్రాహ్మణులు కాపలా కాస్తూ వెంటపడుతూ ఉంటారు. యాభై ఏళ్ళకు ఆ రాయి ఇంగ్లండులో ఒక అమ్మాయికి పుట్టినరోజు కానుకగా చేరి, ఆ రాత్రే మాయమవుతుంది. దొంగ ఎవరు? ఇక్కడ ఆపాను.

పాయింట్స్‌మన్ పెద్దాయన బీడీ ఆర్పి, “దొంగ ఎవురో మొదటి పేజీలోనే చెప్పినావు కదయ్యా. దేవుడి నుదుటి రాయి పెరికినోడు కాదా దొంగ? ఆ పిల్ల రాయి పోయిందని ఇంతమంది ఎతుకుతుండారే, దేవుడి రాయి పోయిందని ఎవురెతికినారు?” అన్నాడు.

కాలిన్స్ తన ముందుమాటలో కోహినూర్ పేరెత్తాడు. ఆ కోహినూర్ మన కృష్ణా తీరంలో కొల్లూరు గనుల్లో దొరికిందని అంటారు. పెద్దాయన అడిగిన ప్రశ్న పట్టుకుని ఆ సాయంత్రమంతా మాట్లాడుకోవలసింది. నేను పట్టుకోలేదు. “అసలు కథ ముందుంది” అని దాటవేశాను. ముందు ఏముందో నాకూ తెలియదు. అప్పటికి నేను చదివింది అరవై పేజీలు.

రెండో వారం నుంచి కథ బరువెక్కింది. ఆ నవలను ఒక్కరు చెప్పరు. ఒకరి తర్వాత ఒకరు తమకు తెలిసినంత మేరకే సాక్ష్యం చెప్పినట్టు రాస్తారు. దాని గొప్పతనం అదే. కానీ చెవితో వినేవాళ్ళకు, అందులోనూ ఇంగ్లీషు పేర్లు కొత్తయినవాళ్ళకు, వారానికో గొంతు మారుతుంటే దారి తప్పుతుంది. ఏ కష్టమొచ్చినా ‘రాబిన్సన్ క్రూసో’ తెరిచి అందులో జవాబు వెతుక్కునే ముసలి నౌకరు ఉన్నాడు. భాగవతం తెరిచి శకునం చూసుకునే మనిషిలా ఉన్నాడని అంగన్‌వాడీ అక్క మురిసిపోయింది. గులాబీ తోటలంటే ప్రాణం పెట్టే డిటెక్టివ్ సార్జంట్ కఫ్ కూడా అందరికీ నచ్చాడు. మిగతా పేర్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒక కాగితం మీద పేర్లు, వరసలు రాసి గోడకు అంటించి ఉంటే సరిపోయేది. అది నాకు తట్టలేదు. ఐదో వారానికి ఎరువుల మామ రావడం మానేశాడు. ఆరో వారం క్యాంటీను కుర్రాడు స్నేహితులతో నేలపట్టుకు గూడబాతుల్ని చూడ్డానికి పోయాడు. చిన్నప్పటి నుంచి ఏటా చూసే గూడబాతులే అవి.

మనుషులు తగ్గేకొద్దీ నాలో కంగారు పెరిగింది. ఒక శనివారం రాత్రి లాంతరు పెట్టుకుని కూర్చుని, తెల్లారేదాకా చదివి పుస్తకం ముగించాను. దొంగ ఎవరో తెలిసింది. నిద్ర పట్టలేదు. ఆ మనిషి మీద నిజంగా కోపమొచ్చింది.

మర్నాడు ఏడో వారం. ఉన్నది ఐదుగురం. నేను చాలా జాగ్రత్తగా, పోయినవారం ఆపిన చోటి నుంచే చెప్పుకొచ్చాను. ముందు సంగతి ఒక్కటి కూడా బయటపెట్టలేదు. కథ రక్తి కడుతోందనే అనుకున్నాను. టైలరన్న పంటితో దారం తెంపి, తలెత్తి అన్నాడు:

“అబ్బయా, ఒక్క మాట. పోయిన వారం దాకా ఆయన్ని ‘ఆయన వచ్చారు, ఆయన అన్నారు’ అంటా ఉండావు. ఇయ్యాళ ‘వాడొచ్చాడు, వాడన్నాడు’ అంటుండావే. ఏంది, రాయి తీసింది వాడేనా?”

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. పోస్టు బాబాయి నా ముఖంలోకి చూశాడు. ముఖం దాచుకోవడం నాకు అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. “అదేం లేదన్నా, నోరు జారింది” అన్నాను. ఆ మాటతో మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

ఇంగ్లీషులో దొంగైనా దొరైనా ఒకటే సర్వనామం. కాలిన్స్ ఆ ఒక్క మాట చాటున ఐదొందల పేజీలు దాక్కోగలిగాడు. తెలుగులో ఆ చాటు లేదు. మనం ఒక మనిషి పేరెత్తగానే ఆయనో, అతనో, వాడో తేల్చుకోవాలి. తేల్చుకున్నామంటే ఆ మనిషి గురించి మన మనసులో ఉన్నది బయట పెట్టినట్టే. మన డిటెక్టివ్ రచయితలు ‘ఆకారం కదిలింది’ అనీ ‘ముసుగు మనిషి’ అనీ ఎందుకు రాస్తారో నాకు ఆ సాయంత్రం అర్థమైంది. ‘కదిలింది’ అంటే ఆడో మగో, పెద్దో చిన్నో తెలియదు. అది పాకెట్ నవలల వాళ్ళ చేతకానితనమని నవ్వుకునేవాణ్ణి. అది మన భాషతో వేగడానికి వాళ్ళు పట్టిన కిటుకు.

ఆ రాత్రి నన్ను ఎక్కువగా బాధించింది నోరు జారడం కాదు. టైలరన్న ఏడు వారాలుగా కాజాలు కుట్టుకుంటున్నాడని నేననుకున్నాను. ఆయన ఒక్కో మాటా విన్నాడు. ఎవరిని ఏమని పిలుస్తున్నానో గుర్తు పెట్టుకున్నాడు. ఆ చెవి ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను తీసిపారేసిన పుస్తకాల నుంచే. ఇరవై ఏళ్ళు యుగంధర్‌తో పాటు తిరిగిన మనిషికి మాటలో ఎక్కడ తేడా వచ్చిందో పట్టడం అలవాటైపోయింది. మా అందరిలో అసలైన డిటెక్టివ్ నవలా పాఠకుడు ఆయన. పుస్తకం ఏది చదవాలో ఆయన్ని అడగవలసింది పోయి, ఆయనకు నేను పాఠం చెప్పాను. అదీ చదవని పుస్తకం పెట్టుకుని.

మరో రెండు వారాలు అందరినీ ‘ఆయన’ అంటూ లాక్కొచ్చి కథ ముగించాను. వినేవాళ్ళు నా మర్యాద కోసం విన్నారు.

తర్వాతి పుస్తకం టైలరన్నకే వదిలేశాం. ఆయన ఎలా ఎంచుతాడో పక్కనుండి చూశాను. మొదట ఒక్కొక్కరినీ ఏమేం చదివావని అడిగాడు. ఎవరూ చదవని యుగంధర్ నవల తేల్చాడు. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు అద్దె పుస్తకాల కొట్లు తిరిగి అదే నవల నాలుగు కాపీలు తెచ్చాడు. ఇద్దరికొకటి. ఇచ్చేముందు మిషను పక్కన కూర్చుని, నాలుగింటికీ చివరి పదహారు పేజీలు తెల్లదారంతో కచ్చా కుట్టు వేశాడు. లాగితే ఊడొచ్చే కుట్టే. కానీ లాగినట్టు తెలిసిపోతుంది.

మరుసటి ఆదివారం తొమ్మిదిమందీ వచ్చారు. ఎరువుల మామ కూడా. కొలతలు రాసుకునే చీటీల మీద ఎవరికి వాళ్ళు హంతకుడి పేరు రాసి, గుండీల డబ్బాలో వేశాం. ఎందుకలా అనుకున్నారో చెప్పమన్నాడు టైలరన్న. రెండు గంటలు వాదించుకున్నాం. ఆ పై ఆదివారం అందరి ముందూ కత్తెరతో కుట్లు విప్పి, చివరి పేజీలు గట్టిగా చదివాడు. పోస్టు బాబాయి ఒక్కడే కనిపెట్టాడు. నా చీటీలో పేరు తప్పు.

ఆ తర్వాత ‘మూన్‌స్టోన్’ నేను మళ్ళీ రెండుసార్లు చదివాను. గొప్ప నవల. డికెన్స్ పత్రికలో వారం వారం ముప్ఫై రెండు భాగాలుగా వచ్చింది. కీళ్ళ నొప్పులు తట్టుకోలేక నల్లమందు ద్రావకం తాగుతూ, కొన్ని భాగాలు పడుకుని చెప్పి రాయించాడట కాలిన్స్. పాఠకులు ఆగి ఆగి చదవడానికే రాసిన పుస్తకాన్ని నేను ఒక్క రాత్రిలో మింగేసి, మర్నాడు ఏమీ ఎరగనట్టు చెప్పబోయాను. తప్పు పుస్తకంలో లేదు.

నలుగురు కలిసి చదవడానికి డిటెక్టివ్ నవల ఎంచేవాళ్ళకు నాకు తెలిసినది చెబుతాను. ముందు మీరు పూర్తిగా చదవండి. కాపీలు ఎన్ని దొరుకుతాయో చూసుకోండి. ఒక్క కాపీ చేతులు మారితే, మొదటివాడి ముఖం చూసే మూడోవాడికి కథ తెలిసిపోతుంది. పాత్రల పేర్లు కాగితం మీద రాసి అందరికీ కనబడేలా పెట్టండి. ఆఖరి పేజీలకు ముందు ఒక వారం ఆగండి, ఆ వారమే అసలు పండగ. అన్నిటికంటే ముందు, ఆ జట్టులో ఇలాంటి నవలలు నిజంగా ఇష్టపడి చదివేది ఎవరో కనుక్కుని, వాళ్ళ మాట వినండి.

‘మూన్‌స్టోన్’లో దొంగ పేరు ఇక్కడ కూడా చెప్పను. ఒకసారి మా జట్టుకు చెడగొట్టింది చాలు.

కొన్నేళ్ళ తర్వాత అంగన్‌వాడీ అక్క కూతురు ఇంటర్‌లో చేరి, ఇంగ్లీషు నవల ఏదైనా ఇవ్వమని మా ఇంటికొచ్చింది. మా జట్టు కథ తనకు తెలియదు. రేపు రమ్మని పంపించి, ఆ పుస్తకం తీసుకుని టైలరన్న కొట్టుకు పోయాను. ఆయన అట్ట చూసి గుర్తుపట్టి, ఏమీ అనకుండా సూదికి దారం ఎక్కించాడు.

“యాడి నుంచి కుట్టమంటావు?” అని అడిగాడు.

గులాబీల సార్జంట్ మళ్ళీ వచ్చే పేజీ తీసి చూపించాను. ఈసారి నేను చదివే ఉన్నాను.