సోహోలో విన్నదొకటి... రాత్రి తగిలిందొకటి!

గరాజ్ అంటే కారు షెడ్డు కాదండోయ్! న్యూయార్క్‌లోని ‘పారడైజ్ గరాజ్’ అనే క్లబ్బు పేరు మీదుగా లండన్ చేరిన డాన్సు సంగీతం. దాని కొత్త రికార్డుల కోసం ఒకప్పుడు కుర్రకారు దక్షిణ లండన్‌లోని క్రోయ్‌డన్‌కి పరుగెత్తేవారు. అక్కడ సర్రే స్ట్రీట్ సంతలో, కూరగాయల బళ్ల పక్కనే ‘బిగ్ యాపిల్ రికార్డ్స్’ ఉండేది. కౌంటర్లో హాచా, ఇంకా మీసాలు రాని స్క్రీమ్! గరాజ్‌లో పాట తగ్గించి, బాస్ పెంచి, వీళ్లూ బెంగా లాంటి స్నేహితులూ అల్లిన బాణీకే తర్వాత డబ్‌స్టెప్ అని పేరొచ్చింది.

నేను వెళ్లింది ఆ దుకాణం చూద్దామనే. అది 2004లోనే మూతపడింది. సంత మాత్రం ఉంది... 1276 నాటి సంత మరి!

సరే, కొత్త సరుకు కోసం రైలెక్కి సోహో వచ్చాను. ఓ దుకాణంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పేరైనా లేని తెల్ల లేబుల్ రికార్డు విన్నాను. నిమిషానికి సుమారు 130 దరువులు. మధ్యమధ్య దరువు ఎగ్గొట్టి అడుగు తడబడేలా చేస్తారు, అదే తమాషా. కానీ బాస్ ఏదీ? ‘అంత గొప్పగా లేదు’ అని నోటుబుక్కులో రాసేసుకున్నాను.

ఆ రాత్రి ఒక నేలమాళిగ క్లబ్బులో అదే రికార్డు పడింది. చెవికి కాదు, ముందు పొట్టకి తగిలింది. చొక్కా గుండీలు అదిరాయి! జనం కేకలకి డీజే సూది వెనక్కి లాగి, మళ్లీ మొదట్నించీ వేశాడు. రాసుకున్న కాగితం అక్కడే చింపేశాను.

మర్నాడు పొద్దున్నే సోహో వెళ్తే, ఆ రికార్డు అయిపోయిందన్నారు.