మండువా లోగిలి

మా నెల్లూరి తీరమున పాత పెంకుటిండ్ల మండువాలు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. వాన, దుమ్ము, దొంగల భయము అని చెప్పి పైన కాంక్రీటు కప్పు వేయించుచున్నారు. వాన మాట అబద్ధము కాదు. మాకు వర్షము ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. 1927, 1989 నవంబరు మాసముల తుపానులు ఈ తీరమునే తాకినవి. కాని మండువా మూసినచో నట్టింట పగలే దీపము పెట్టవలెను. వేడిగాలి పైకి పోవు దారియు పోవును.

వరాహమిహిరుడు ఆరవ శతాబ్దిలోనే బృహత్సంహితయందు చతుశ్శాలను వర్ణించెను. మన లోగిలి దానికి చుట్టమే. అయినను మేము దీనిని ఊరక పొగడము. ఇందు వెలుగు అందరిది, ఏకాంతము మాత్రము మగవారిది. వీథి అరుగు వారిది, ముందరి గది వారిది, వంటయిల్లు చీకటి. చదువుకొను ఆడపిల్ల మండువా గట్టున కూర్చుండెనా, "అమ్మాయీ, చెంబెడు నీళ్లు" అని నాలుగు దిక్కులనుండి పిలుపులు. గదిలోనికి పోయెనా, అక్షరము కనబడదు.

ఇటీవల మా బంధువులొకరు ఇల్లు బాగుచేయించుచు మమ్ము సలహా యడిగిరి. మండువాను అట్లే యుంచి, పిల్ల గదికి ఆ వైపున కిటికీ పెట్టించి, కప్పులో రెండు అద్దపు పెంకులు వేయించితిమి. వంటయింటికిని అంతే. తలుపునకు లోపలివైపున గడియ పెట్టుమనగా వడ్రంగి మా ముఖము చూచెను.

"ఆడపిల్ల గదికి గడియ యెందుకు, అయ్యవారూ?" అని అవ్వగారు.

పిల్ల మాటాడక బజారునకు పోయి గడియ కొనితెచ్చెను.