సీడింగ్ మీద నా మాట

అంతర్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్‌లో నిరుడు సెమీస్ ఆడిన జట్లకే పై సీడ్లు ఇస్తారు. నాకిది నచ్చదు. కాలేజీ జట్టు ఏటా మారిపోతుంది కదా! నిరుడు రీబౌండ్లన్నీ పట్టిన ఫైనలియర్ కుర్రాడు ఈపాటికి ఉద్యోగంలో ఉంటాడు. అమెరికా కాలేజీ టోర్నీలో ఎంపిక కమిటీ ఆ సీజన్ ఆట చూసే సీడ్లిస్తుంది. అయినా 2018లో పదహారో సీడ్ యూఎంబీసీ, టాప్ సీడ్ వర్జీనియాను 74-54తో చిత్తు చేసింది.

ఈసారీ సౌత్ జోన్ సెమీస్‌లో చెన్నై జట్లదే జోరని నా అంచనా. వాళ్లకు ఇండోర్ కోర్టులున్నాయి. మన మైపాడు, కావలి వైపు పిల్లలు సాయంత్రం సముద్రపు గాలికి బంతి పక్కకు జరుగుతుంటే సిమెంటు కోర్టు మీదే మూడు పాయింట్ల షాట్లు సాధన చేస్తారు. అయినా కాకుటూరు నుంచి మన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం జట్టు సీడ్ లేకుండా దిగినా ఒక పెద్ద జట్టును ఇంటికి పంపగలదు. మన పిల్లలు ఆడే రోజు తప్పకుండా వెళ్లండి, గట్టిగా అరవండి.