వాల్తేరు లైన్ల వెంట

డిసెంబర్ 1, 2024, ఆదివారం

నెల మొదటి ఆదివారం, మా రైలు అభిమానుల సంఘం కలిసే రోజు. గార్డు గారి డాబా మీద చాపలు పరుచుకుని కూర్చున్నాం. గార్డు హోదా పేరుని 2022లో రైల్వే ట్రెయిన్ మేనేజర్‌గా మార్చింది గానీ, అప్పటికే రిటైరైన ఆయన మాకు గార్డు గారే.

ఈసారి అట్ట టికెట్ల వంతు. ఆయన పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీశారు. ఒక్కోటి బొటనవేలంత వెడల్పున్న గట్టి అట్టముక్క. పాసింజరు టికెట్లు, ప్లాట్‌ఫారం టికెట్లు, మెయిల్ ఎక్స్‌ప్రెస్ టికెట్లు. కొన్నిటి మీద తేదీ సిరాతో కాక అచ్చు ఒత్తినట్టు పడి ఉంది, వేలికి తగులుతోంది. కిటికీలోంచి డబ్బులు తీసుకుని, మిషన్‌లో టికెట్ పెట్టి టక్కున ఒత్తి ఇచ్చేవారు. నా చిన్నప్పుడు ప్రయాణం ఆ చప్పుడుతోనే మొదలయ్యేది.

ఈ పద్ధతి ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషను ఉద్యోగిది, 1830ల చివర్లో కనిపెట్టాడు. అంతకుముందు చేత్తో రాసిచ్చేవారు. టికెట్లకి వరస నెంబర్లు వేయడంలోనే ఉంది కిటుకంతా. డ్యూటీ దిగేటప్పుడు బుకింగ్ క్లర్కు, తర్వాత అమ్మాల్సిన టికెట్ నెంబరులోంచి పొద్దున రాసుకున్న నెంబరు తీసేస్తే ఎన్ని అమ్మాడో తేలిపోతుంది. లెక్క తేడా వస్తే జేబులోంచి కట్టాలి. కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత పెద్ద దేశం లెక్కలు ఆ అట్టముక్కల మీద నడిచాయి.

ఇంజనీరింగ్ చదువుతున్న మా కుర్రాడు అన్నిటినీ రెండు వైపులా ఫొటో తీశాడు. ఏ స్టేషను, ఏ తరగతి, ఎంత ధర, ఏ తేదీ అన్నది నేను పట్టికలో ఎక్కించాను. వివరం లేకుండా దాచిన టికెట్ వట్టి అట్టముక్క.

డిసెంబర్ 8, ఆదివారం

సాయంత్రం విశాఖ స్టేషన్‌లో, ఇంజను మార్చడం చూడ్డానికి. హౌరా వైపు నుంచి వచ్చి విజయవాడ వెళ్ళే బండి ఏదైనా విశాఖ స్టేషన్‌లోకి వస్తే, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి తన దారి పట్టాలి. అందుకే ఒక చివర ఇంజను తీసేసి, రెండో చివర ఇంకోటి తగిలిస్తారు. ఆ సమయం మిగుల్చుకోవడానికే కొన్ని బళ్ళు సింహాచలం నార్త్ నుంచి బైపాస్‌లో దువ్వాడ వెళ్ళిపోతాయి.

ప్రయాణికులు ఆ ఆగడాన్ని విసుక్కుంటారు. మాకు మాత్రం చూడాల్సింది అదే. పాయింట్స్‌మన్ ఇంజనుకీ పెట్టెకీ మధ్యకి దిగాడు. ముందు రెండు వైపులా యాంగిల్ కాక్‌లు మూశాడు. తర్వాతే గొట్టాలు విడదీశాడు. ఆకుపచ్చ రంగు వేసింది బ్రేక్ పైపు, అందులో గాలి చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడిలో ఉంటుంది. తెల్లది ఫీడ్ పైపు, దాన్లో 6 కిలోలు. మూయకుండా విప్పితే గొట్టం కొరడాలా లేచి కొడుతుంది. చివరికి కప్లింగ్ పిడి ఎత్తి, లోకో పైలట్‌కి చెయ్యి ఊపాడు.

అటు చివర కొత్త ఇంజను తగిలాక బ్రేకు పరీక్ష. ముందు లోకో పైలట్ ఒత్తిడి తగ్గిస్తే వెనక గార్డు పెట్టెలో మీటరు ముల్లు కూడా దిగాలి. దిగిందంటే గాలి బండి పొడవునా తెగకుండా పారుతున్నట్టు. ఆ ముల్లు దిగకపోతే బండి కదలదు. వేయిమందికి పైగా మనుషుల ప్రాణాలు ఆ చిన్న పరీక్ష మీద ఉన్నాయి. లోపల కూర్చున్న ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

డిసెంబర్ 15, ఆదివారం

అరకు. కిరండూల్ పాసింజరులో, మామూలు పెట్టెలోనే. 2017లో వచ్చిన అద్దాల పెట్టె లోయ చూడ్డానికి బావుంటుంది. మాకు కావలసింది మాత్రం కిటికీ తెరిస్తే లోపలికొచ్చే గాలి, బ్రేకు వాసన, చక్రాల చప్పుడు.

కొత్తవలస దగ్గర మెయిన్ లైను వదిలి, శృంగవరపుకోట దాటి, బొడ్డవర నుంచి ఎక్కడం మొదలు. పట్టా పక్కన గ్రేడియంట్ పలకలు కుర్రాళ్ళకి చూపించాను. 60లో 1 అంటే అరవై మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి. రోడ్డు మీద ఇది లెక్కలోకి రాదు. ఇనుము మీద ఇనుము జారే చోట, వేల టన్నుల బరువుకి ఇది కొండే.

శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. సొరంగం రాగానే పిల్లలు కేకలు పెట్టారు. కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కి పంపడానికి 1960ల్లో ఈ లైను వేశారు. మనం అరకు అందాలంటూ పాడుకుంటున్నది అసలు ఖనిజం కోసం తొలిచిన దారి. తొలిచిన కూలీల పేర్లు ఏ స్టేషను గోడ మీదా నేను చూడలేదు.

స్టేషన్ల దగ్గర పక్కకి చీలి, ఎత్తుగా వెళ్ళి ఇసుకలో ఆగిపోయే పట్టాలు కనిపించాయి. ఇవి ఎక్కడికి వెళ్తాయండీ అని ఓ కుర్రాడు అడిగాడు. ఎక్కడికీ వెళ్ళవు, అందుకే వేశారు అన్నారు గార్డు గారు. వాలులో బ్రేకులు పట్టక దొర్లుకొచ్చే బండిని స్టేషన్‌లో నిలబడ్డ బండి మీద పడనీయకుండా దారి మళ్ళించేది క్యాచ్ సైడింగ్. స్టేషన్‌లో ఉన్న పెట్టెలే జారి కిందికి పోకుండా ఆపేది స్లిప్ సైడింగ్. 80లో 1 కన్నా నిటారుగా దిగే చోట మొదటిది, 100లో 1 దాటితే రెండోది ఉండాలని నియమం. ఎన్నేళ్ళకో ఒక్కసారి అక్కరకొచ్చే పట్టాలకి నూనె పెట్టి, పరీక్షించి, సిద్ధంగా ఉంచుతారు. రైల్వేలో నేను గౌరవించేది ఈ గుణాన్నే.

శిమిలిగుడ, 996 మీటర్లు. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఎత్తైనదన్న పేరు చాలాకాలం దానిదే. కశ్మీర్ లోయలోకి బ్రాడ్‌గేజ్ వెళ్ళాక ఆ పేరు అటు పోయింది. బోర్డు ఫొటో తీసుకున్నాం.

డిసెంబర్ 29, ఆదివారం

బ్యాంకులో పనిచేసే మిత్రుడి ఇంట్లో నమూనా రైలు. ముందుగది సగం బల్లలే. హెచ్‌వో స్కేలు, అంటే అసలులో 87వ వంతు. ఇక్కడో చిక్కుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టా విదేశీ గేజికి చేసింది, 16.5 మిల్లీమీటర్లే. మన పెట్టె దాని మీద పెడితే కాళ్ళు సన్నబడ్డట్టు కనబడుతుంది. చక్రాలు సరిగ్గా కావాలంటే పట్టా కూడా చేత్తో వేసుకోవాలి. ఆయన వేసుకుంటున్నారు, స్లీపరు వెంట స్లీపరు.

ఇంజను నెత్తిన కరెంటు తీగకి ఆనే పాంటోగ్రాఫ్‌కి సన్నని ఇత్తడి తీగ వంచి, మడత పెడితే పడుకునేలా, వదిలితే లేచేలా చేశారు. దానికే వారాలు పట్టింది. పక్కింటి పిల్లవాడు అది ఎందుకు పైకి ఆనాలి అని అడిగితే, 25,000 వోల్టుల కరెంటు ఎలా దిగి, చక్రాల మీదుగా పట్టాల్లోకి ఎలా తిరిగి వెళ్తుందో ఆ బొమ్మ మీదే చెప్పారు. బళ్ళో చెప్పని పాఠం వాడికి పది నిమిషాల్లో ఎక్కింది.

జనవరి 8, 2025, బుధవారం

ఊరంతా హడావిడి. ప్రధానమంత్రి వచ్చి దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో. ఇన్నాళ్ళకి పునాదిరాయి. సంతోషమే. విశాఖ ఉన్న వాల్తేరు డివిజన్ సంగతి ఏమవుతుందన్నదే మా వాళ్ళందరి ప్రశ్న.

జనవరి 19, ఆదివారం

పలాస బండిలో నౌపడ. ఇక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో ఆ సంస్థానం వారు వేయించిన బుల్లి రైలు ఉండేది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు.

ఆ లైనులో ఫైర్‌మన్‌గా చేసిన పెద్దాయన్ని కలిశాం. మంచం మీద కూర్చుని చేతులతో చూపిస్తూ చెప్పారు. బొగ్గు కుప్పగా పొయ్యకూడదట, పలచగా పరవాలి, వెనక మూలల్లో కాస్త ఎక్కువ. కుప్ప పోస్తే నల్లపొగ, ఆవిరి రాదు. నీటిమట్టం చూపే గాజు గొట్టం మీద ఎప్పుడూ ఓ కన్ను ఉండాలి. "నీరు కిందికి పోయిందంటే మరి ఇంజను నీది కాదు బాబూ, ముందు మంట లాగీయాల" అన్నారు. డ్యూటీ దిగాక కూడా కలలో ఆ గొట్టమే కనబడేదట.

ఇంజను ఫొటోలు వందలు దొరుకుతాయి. బొగ్గు ఎలా పరవాలో ఆయన చేతుల్లో మాత్రమే ఉంది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరల మాటని వాళ్ళ నోటి నుంచే విని రాసుకున్నారు. పని చేసినవాళ్ళ మాట కూడా అలాగే రాసుకోవాలి. సాయంత్రందాకా రికార్డు చేశాం.

ఫిబ్రవరి 2, ఆదివారం

సమావేశానికి రిటైరైన స్టేషన్ మాస్టర్ గారు వచ్చి బాల్ టోకెన్ గురించి చెప్పారు. ఒంటి లైనులో ఎదురెదురుగా రెండు బళ్ళు రాకూడదు. అందుకని రెండు స్టేషన్లలో జత మిషన్లు ఉండేవి. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే ఇవతల ఒక ఇనుప గుండు బయటికొచ్చేది. ఆ గుండు చేతిలో లేనిదే డ్రైవరు బండి కదిపేవాడు కాదు. తోలు సంచిలో పెట్టి, బెత్తపు రింగుకి కట్టి, ఆగని బండికి అందించేవారు. వానలో, చీకట్లో, కాగడా వెలుగులో. ఆయన కుడి మోచేతి మీద రింగు తగిలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

కొత్తగా చేరతానన్న కుర్రాడొకడు వంతెన మీద నిలబడి బండి వస్తుండగా వీడియో తీస్తానన్నాడు. వద్దని ఖండితంగా చెప్పాం. పట్టాల మీదికి వెళ్ళడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అదొక్కటే కాదు, ఎదురుగా మనిషి కనబడితే, ఆపలేని బండిలో కూర్చున్న లోకో పైలట్ గుండె ఏమవుతుందో గార్డు గారు వివరించారు. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత ఇవతల నిలబడగలిగినవాడికే మా సంఘంలో చోటు.

ఫిబ్రవరి 8, శనివారం

నిన్న కేంద్ర మంత్రివర్గం తేల్చింది. వాల్తేరు డివిజన్ రెండుగా విడిపోతుంది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌లో ఉంటాయి. కొత్తవలస–బచేలి సహా సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేలోనే ఉంటాయి. అంటే అరకు, బొర్రా, శిమిలిగుడ రాయగడ కిందికి. డివిజన్ కాపాడుకున్నందుకు సంతోషపడ్డవాళ్ళున్నారు, ఖనిజం లైను పోయిందని బాధపడ్డవాళ్ళున్నారు. రెండూ న్యాయమే.

ఒకప్పుడు ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణాన మద్రాసు రైల్వే కంపెనీ కలిసిన చోటు వాల్తేరు. స్టేషనుకి ఆ పేరు ముందే పోయింది, ఇక డివిజనుకీ పోతుంది. హద్దులు ఎలా గీసినా మా పని ఒకటే. బోర్డులు మారకముందే ప్రతి స్టేషనులో ఫొటో, తేదీతో. పాత వర్కింగ్ టైంటేబుళ్ళకి నకళ్ళు. అన్నిటికన్నా ముందు, బతికున్న పెద్దల మాటలు. టికెట్లూ బోర్డులూ కాస్త ఆగగలవు, ఎనభై దాటిన మనిషి ఆగలేడు.

సంఘం తరఫున అందరికీ పంచడానికి ఇలా రాశాను: మీ ఇంట్లో రైల్వేలో పనిచేసినవారెవరైనా ఉంటే, ఈ ఆదివారం వారి పక్కన కూర్చోండి. ఏ పని, ఏ చోట, ఏ సంవత్సరం, ఎలా చేసేవారో అడగండి. వారి మాటల్లోనే రాసి, కింద తేదీ వేసి దాచండి.