రాతిని కదిలించే నలుగురు

చెన్నపట్టణంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు మెరీనా తీరం కొత్త కాదు. వాలాజా రోడ్డు వచ్చి కామరాజర్ సాలైలో కలిసేచోట ఉన్న కంచు విగ్రహాన్నీ అందరూ ఎరుగుదురు. "ఉళైప్పాళర్ శిలై దగ్గర కలుసుకుందాం" అనుకుంటారు. కలుసుకుంటారు, సుండల్ పొట్లం కొనుక్కొని ఇసుకలోకి దిగిపోతారు. ఆనవాలుకు పనికివచ్చినంతగా ఆ విగ్రహం కంటికి ఆనదు.

మొన్న ఒక ఆదివారం మేము మిత్రులం కొందరం పనిగట్టుకొని వెళ్లి దాని చుట్టూ తిరిగి చూచాము. నలుగురు కూలీలు ఒక పెద్ద బండను కదిలిస్తున్నారు. నరాలు ఉబ్బి, వెన్నులు వంగి, కాళ్లు నేలను తన్నిపట్టి ఉన్నాయి. రాజు లేడు, గుర్రం లేదు. మదరాసు చిత్రకళాశాలకు 1929 నుండి 1957 వరకు అధ్యక్షులుగా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌదరిగారు చేసిన ఈ విగ్రహం 1959లో ఇక్కడ నిలిచింది. పేరు 'శ్రమ విజయం'. పేరు విజయమే గాని, బండ ఇంకా కదలవలసియే ఉన్నది!

ఈ తీరానికి మరొక చరిత్ర కూడా కలదు. 1923 మే 1వ తేదీన సింగారవేలు చెట్టియారుగారు హైకోర్టు ఎదుట ఒకటి, తిరువల్లిక్కేణి తీరాన ఒకటి సభలు జరిపి, మన దేశంలో మొదటి మేడే పండుగ చేశారు. తరువాత 1948లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన మానవహక్కుల ప్రకటన, పనిగంటలకు పరిమితి, విశ్రాంతి ప్రతి మనిషికీ హక్కులేనని చెప్పింది. సాయంకాలం ఇక్కడ గాలి పీల్చుకొనే గుమాస్తా అనుభవించేది ఆ హక్కునే గదా!

అది ఒకసారి వచ్చి ఊరకే నిలిచిపోయేది కాదు. 2021లో తమిళనాడు దుకాణాలలో పనిచేసేవారికి కూర్చొనే వసతి ఉండాలని చట్టం చేసింది. అంతవరకు దినమెల్లా నిలుచున్న ఆడపిల్లలెందరో! 2023 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలలో రోజుకు 12 గంటల పనికి దారితీసే బిల్లు శాసనసభలో నెగ్గింది. కార్మిక సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పగా, మే 1నాడు, సరిగ్గా ఆ మొదటి మేడేకు నూరేళ్లు నిండిన రోజున, ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు దానిని ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించారు.

ఈసారి తీరానికి పోయినప్పుడు పిల్లలను ఆ విగ్రహం ముందు ఐదు నిమిషాలు నిలబెట్టండి. నలుగురిలో ఒక్కడు చేయి తీస్తే బండ ఏమవుతుందో వారినే అడగండి. జవాబు వారే చెబుతారు.