బొంతకు తగ్గ మిషన్, బోగీకి తగ్గ బరువు

ఖరగ్‌పూర్ జంక్షన్‌లో 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం మీద సామాను మోసుకుంటూ నడిచిన వారికి బరువంటే ఏమిటో మరొకరు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు మోసిన ఈ ప్లాట్‌ఫారాన్ని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాటేశాయి. నడిచేవారికి మాత్రం దూరం తగ్గలేదు.

ఈ ఊరికి తెలుగువారిని తెచ్చింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టి, పెద్ద వర్క్‌షాపు పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పని కోసం వచ్చినవారు ఇక్కడే స్థిరపడ్డారు. తరాలు మారినా ఇళ్లలో తెలుగు నిలిచింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ముందుగా వినిపించిన ఊరి పేరు ఖరగ్‌పూరే.

రైల్వే కాలనీలది ఒక తీరైతే ప్రేమ్ బజార్‌ది మరో తీరు. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఆవరణను ఆనుకుని ఉన్న పేట ఇది. హిజ్లీ స్టేషన్ కూడా దగ్గరే. చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చి, కొన్నేళ్లుండి వెళ్లిపోయేవారు ఇటువైపు ఎక్కువ. రైల్వే క్వార్టర్‌లో ఉన్నవారూ బదిలీ అయినా, రిటైరైనా ఖాళీ చేయాల్సిందే. అందుకే ఈ ఊళ్లో ఏ వస్తువు కొన్నా ఒక ప్రశ్న ఎదురవుతుంది: దీన్ని వెంట తీసుకెళ్లగలమా? కుట్టుమిషన్ విషయంలో ఆ ప్రశ్న ఇంకాస్త బరువైనది.

పాత చీరలను పొరలుగా పరిచి కుట్టే బొంత ఉత్తరాంధ్ర ఇళ్లకు కొత్త కాదు. బెంగాలీ ఇళ్లలో దాదాపు అదే పని పేరు కాంథా. అరిగిన బట్టను పారేయకుండా, మెత్తదనాన్ని నిలుపుకుంటూ మరో తరానికి అందించడమే రెండింటి ఆలోచన. ఇప్పుడు క్విల్టింగ్ పేరుతో నేర్పేదీ ఇలాంటి పనే. రంగురంగుల ముక్కలు అతికి, కింద అస్తరు, మధ్యలో దూది పొర పెట్టి, మూడింటినీ కలిపి కుడతారు. చేత్తో నెలలు పట్టే పని మిషన్ మీద రోజుల్లో తెములుతుంది. అయితే ఆ మిషన్ క్లాసుకు రావాలి, సెలవులకు ఊరికీ రావాలి.

కొనబోయేవారు సాధారణంగా అడిగే మొదటి మాట 'ఎంత తేలిక?' అని. నిజానికి అది రెండో ప్రశ్న. మొదటిది 'ఎన్ని పొరలు కుడుతుంది?' అన్నది.

పాత నల్ల మిషన్‌కు ఈ ప్రశ్న భయం లేదు. ఖరగ్‌పూర్‌కు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ 1930ల్లోనే ఉషా మిషన్లు తయారుచేసింది. పోత ఇనుముతో చేసిన ఇలాంటి మిషన్ దాని బరువు వల్లే కదలకుండా నిలబడి, మందపాటి బట్టను తేలిగ్గా కుట్టేస్తుంది. చేత్తో తిప్పే చక్రం ఉంటే కరెంటు కూడా అక్కర్లేదు. కానీ చెక్క పీటతో కలిపి పది కిలోలు దాటుతుంది. ఇంట్లో ఒక మూల ఉంచుకోవడానికి బంగారమే కానీ, వారం వారం క్లాసుకు మోసుకెళ్లడానికి కాదు.

దీనికి పూర్తి భిన్నమైనవి బ్యాటరీతో నడిచే చిన్న మిషన్లు. చూడముచ్చటగా ఉంటాయి, ఒక్క చేత్తో ఎత్తొచ్చు. ఊడిన అంచు కుట్టడానికి సరిపోతాయి. దూది పొర పెట్టగానే సూది ఆగిపోతుంది. చేతిలో పట్టుకుని కుట్టే రకమైతే చాలావరకు ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తుంది. ఒక కొస లాగితే కుట్టంతా ఊడి వస్తుంది.

ఈ రెండింటికీ మధ్య దారి ఉందని సింగర్ కంపెనీ 1933లోనే చూపింది. ఫెదర్‌వెయిట్ అనే మోడల్‌ను ఇనుముకు బదులు అల్యూమినియంతో, ఐదు కిలోల బరువులో తెచ్చింది. అది వేసేది తిన్నని కుట్టు ఒక్కటే. తయారీ ఆగిపోయి దశాబ్దాలైనా క్విల్టింగ్ చేసేవారు పాతవాటిని వెతికి మరీ కొంటున్నారు. పనితనం తగ్గించకుండా, అనవసరమైన హంగులు తగ్గించడం వల్ల వచ్చిన తేలికదనం అది.

ఇవాళ దుకాణాల్లో దొరికే ఐదు నుంచి ఏడు కిలోల ఎలక్ట్రిక్ మిషన్లలో ఇదే సూత్రం వెతకాలి. పైన ప్లాస్టిక్ ఉన్నా లోపలి చట్రం లోహంతో చేసిందై ఉండాలి. ఎన్ని రకాల కుట్లున్నాయన్నది ముఖ్యం కాదు. బొంతకు తిన్నని కుట్టు, అంచులకు జిగ్‌జాగ్ చాలు. పాదం ఎంత ఎత్తుకు లేస్తుంది, సూదికి కుడివైపు చుట్టిన బొంత పట్టేంత చోటుందా, కింద బట్టను లాగే పళ్లను కిందికి దించే వీలుందా అన్నవి చూడాలి. పైపొర జారకుండా నడిపించే వాకింగ్ ఫుట్ ఆ మోడల్‌కు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి. బాబిన్లు గోల్ బజార్‌లోనూ, సొంత ఊళ్లోనూ దొరికే రకమైతే సగం చిక్కు తీరినట్టే.

దుకాణదారు ఇచ్చే పలుచని గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. ఇంటి నుంచి చిన్న బొంత ముక్క పట్టుకెళ్లాలి. 14 లేదా 16 నంబరు సూది వేయించి, అతుకులు కలిసే చోట మెల్లగా కుట్టి చూడాలి. సూది తడబడితే, మిషన్ బల్ల మీద జరుగుతుంటే అక్కడే వదిలేయడం మేలు.

ఇక ప్రయాణం. స్లీపర్ క్లాసులో 40 కిలోల వరకు సామాను ఉచితమే కాబట్టి నిబంధనతో ఇబ్బంది లేదు. విశాఖ దాకా 760 కిలోమీటర్ల ప్రయాణంలో మిషన్‌ను కాపాడుకోవడమే అసలు పని. సూది తీసేసి, పాదం కింద గుడ్డముక్క పెట్టి దించాలి. పెడల్‌ను విడిగా చుట్టాలి. ఆ మూటను కింది బెర్తు అడుగున పెడితే కుదుపులకు పడిపోదు. బోగీలోని ప్లగ్గులు ఫోన్ల కోసమే, వాటితో మిషన్ నడపకూడదు. విమానంలో చేతి సామాను పరిమితి సాధారణంగా ఏడు కిలోలు. కత్తెర, బ్లేడు చెకిన్ బ్యాగులోకి వెళ్లాలి.

యంత్రాలను గట్టిగా ప్రశ్నించిన గాంధీజీ 1924లో సింగర్ మిషన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమను తగ్గించే యంత్రం వేరన్నది ఆయన వాదన. మోసేందుకు మరొకరు కావాల్సి వస్తే ఆ మేలు సగమే దక్కుతుంది. భర్తకో కొడుకుకో తీరిక దొరికినప్పుడే క్లాసుకు వెళ్లగలిగితే, నేర్చుకోవడం వారి డ్యూటీ వేళలను బట్టి సాగుతుంది. అలాగని తేలిక చూసి కొన్నది బొంత కుట్టలేకపోతే నెల తిరక్కుండా అటకెక్కుతుంది.

కాబట్టి కుట్టు పరీక్ష నెగ్గిన మిషన్‌కు దుకాణంలోనే మరో పరీక్ష పెట్టాలి. దాని కవరులో సర్ది, పెడల్, దారాలు, బట్టల సంచీ కూడా తీసుకుని, కొనబోయే మనిషే ఒక అంతస్తు మెట్లెక్కి దిగాలి. మధ్యలో ఎక్కడా దించకుండా రాగలిగితే డబ్బు కట్టొచ్చు.