బేరం లేని బొమ్మల బజారు

టోక్యో వెళ్ళినవాళ్ళు గుళ్ళూ, తోటలూ చూసి వస్తారు. మా అబ్బాయి ఉద్యోగం అక్కడే కావడంతో నేనూ అవన్నీ చూశాను. కానీ నాకు బాగా నచ్చింది ఒక బొమ్మల బజారంటే మీరు నవ్వుతారేమో! దాని పేరు అకిహబరా.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ రేడియో విడిభాగాలు అమ్మేవారట. తర్వాత ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఆ తర్వాత కంప్యూటర్లు, వీడియో గేమ్‌లు వచ్చాయి. ఇప్పుడు ఎటు చూసినా ఆ గేమ్‌లలోని వీరుల బొమ్మలే. స్టేషన్ పక్కనే 'రేడియో కైకాన్' అనే పది అంతస్తుల మేడ ఉంది. 2014లో కొత్తగా కట్టారు. పేరు రేడియోదే గానీ లోపల బొమ్మల దుకాణాలే ఎక్కువ. కొన్నింట్లో గాజు అరల్ని అద్దెకిస్తారు. ఎవరైనా తమ పాత బొమ్మని అందులో పెట్టి ధర చీటీ అంటించుకోవచ్చు.

మా చెల్లెలి కొడుకు లింక్ బొమ్మ తెమ్మన్నాడు. కత్తీ డాలూ పట్టుకుని రాకుమారిని కాపాడే కుర్రాడు లింక్. 1986లో వచ్చిన ఆటలో హీరో. ఆ ఆట తీసిన నింటెండో కంపెనీ 1889లో క్యోటోలో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైందట! బొమ్మ జానెడే ఉంటుంది గానీ మోకాళ్ళు, మోచేతులు అన్నీ వంగుతాయి. కొత్తది ఎనిమిది వేల యెన్‌లు, అంటే మన డబ్బులో నాలుగు వేల పైమాటే. అంత పోసి కొనేటప్పుడు చూసుకోవద్దూ?

చీరలు, గిన్నెలు ఎంచే మన కళ్ళకి ఇదేం కష్టం కాదు. ముందు ముఖం చూడాలి. రెండు కనుపాపలూ ఒకే వైపు చూస్తున్నాయా, జుట్టు రంగు నుదుటి మీదకి పాకిందా అన్నది వెలుతురులో తెలిసిపోతుంది. తర్వాత అచ్చు గీత. ప్లాస్టిక్ మగ్గు పక్కన నిలువుగా ఉంటుందే, అదన్నమాట. మంచి బొమ్మకి దాన్ని నున్నగా అరగదీస్తారు, లేదా బట్టల మడతల్లో కలిపేస్తారు. చెయ్యి పైకెత్తితే అలాగే నిలవాలి. వాలిపోతే కీలు వదులైనట్టే. బిగుసుకుంటే మాత్రం బలవంతం చెయ్యకూడదు, విరుగుతుంది. పెట్టె మీది ఫొటో చూసి, విడి చేతులు, కత్తి, డాలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. మరీ చౌకగా ఇస్తూ, పెట్టె మీద అక్షరాలు మసకగా ఉంటే నకిలీ కావచ్చు.

పాత వాటి మీద 'మికైఫూ' అని రాసి ఉంటే పెట్టె విప్పలేదని అర్థం. వాటికి ధర ఎక్కువ. "అమ్మా, అదే తీసుకో. విప్పకుండా ఉంచితే రేటు పెరుగుతుంది" అన్నాడు మా అబ్బాయి.

"వాడు ఆడుకోవడానికి అడిగాడు గానీ బీరువాలో పెట్టుకోవడానికి కాదు కదరా" అన్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పి.వి.సి. ప్లాస్టిక్. మెత్తగా ఉండడానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ళ తరబడి గాలి తగలకుండా మూసి ఉంచితే, అందులోనూ వేడి చోట, అది పైకి ఊరి బొమ్మ జిగటగా అవుతుంది. పెట్టెలో దాచిన పట్టుచీర మడతల దగ్గర చిరిగినట్టే! విప్పని పెట్టెలో ఏముందో కొనేదాకా తెలియదు.

అందుకే విప్పిన బొమ్మనే అడిగాను. దుకాణం అమ్మాయి అద్దాల అరలోంచి తీసి ఒక్కొక్క భాగం చూపించింది. ముట్టుకుంటే జిగట లేదు, కాళ్ళు వంగలేదు, తెలుపు పసుపెక్కలేదు. కొత్తదాని కంటే మూడు వేల యెన్‌లు తక్కువ. బేరం ఆడే అలవాటు అక్కడ లేదు, నేనూ ఆడలేదు.

ఇంట్లో ఇలాంటివి ఉంటే ఎండ తగలనివ్వకండి. జిగటైతే గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం వేసి, మెత్తని బ్రష్‌తో కడిగి నీడలో ఆరబెట్టండి. కత్తి వంగితే వేడినీళ్ళలో కాసేపు ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెట్టండి. విడి ముక్కలు చాలా చిన్నవి, పసిపిల్లలకి అందనివ్వకండి.

నేను కొన్న బొమ్మ చీటీ మీద జపాన్ భాషలో ఏదో రాసి ఉంటే మా అబ్బాయి చదివి చెప్పాడు. 'ఎడమ బూటు మీద చిన్న గీత ఉంది' అని! అమ్మేవాడే తన సరుకు లోపం రాసిపెట్టాడు. అద్దాలు పెట్టుకుని వెతికితే గానీ అది నాకు కనిపించలేదు. రోజూ ఆడుకునే మావాడికి ఇప్పటికీ కనిపించలేదు.